అరవైమూడుకూ అరవైనాలుక్కూ నడమ

మా అంగడి చిత్తూరు సంతపేటలో, మిద్దె మెట్ల కింద.
ఆటో మైకులకు మాటలు రికార్డు చేసిచ్చే పని.
తోతాపురి టన్ను ఎంతకు తీసుకుంటాండారో,
ఏ వీధికి రేపు కొళాయి రాదో,
ఎవరి కుక్క తప్పిపోయిందో
ఊరికంటే ముందు నాకు తెలస్తాది.

గొంతు మునిలక్ష్మిది.
కంప్యూటరు నాది, పాతది, ముక్కలు ఏరి కూర్చింది.
ఆడియో బోర్డులోనే ఉండాది, వేరే కార్డు లేదు.
మౌసు కదిపితే చాలు, హెడ్‌ఫోన్లో
చీమ ఏడ్చినట్టు ఒక సన్నటి కూత.
ఫ్యాను తిరిగేది, డిస్కు గీరేది, అన్నీ
ఆయమ్మ మాటల సందుల్లో దూరతాయి.

ఎదురంగడి చెంగల్రాయులు చెప్పినాడు,
స్క్రూడ్రైవరు చెవిలో తిప్పుకుంటా:
"బోర్డు మీది ఆడియో అంటే పోర్షను కాపురం బ్బా.
పక్కింట్లో తిరగమాత, మనింట్లో తుమ్ము.
కార్డు ఏసుకో. సొంత గోడ, సొంత గడప.
మూడువేల నాలుగొందలు.
నీకైతే మూడువేల మూడొందలు."

నేను లెక్కేసినా.
చివరికి పోయేది యాడికి? ఆటో మీది బూరకు.
రేకు గొంతు. గాంధీరోడ్డు దుమ్ము. లారీల హారన్లు.
ఆ బూరలో సరస్వతి పలికినా
ఎండుమిరపకాయలు దంచినట్టే ఉంటాది.
వద్దులే అన్నా.
రెండేండ్లు వద్దనే అన్నా.

ఆషాఢంలో మునిలక్ష్మి మెడ మీద చెయ్యి పెట్టుకొని వచ్చింది.
వేలూరులో చూపించుకున్నదంట. గడ్డంట. కొయ్యాలంట.
గొంతు ఇట్లే ఉండచ్చు, మారిపోనూవచ్చు.
డాక్టరు రెండు చేతులూ చాపి చూపించినాడంట, తక్కెడ మాదిరి.
"ఒకటి నుంచి నూరు దాకా చెప్పేస్తా.
వారాలు, నెలలు, ఊర్ల పేర్లు, రూపాయలు.
నేను లేని దినాల్లో ముక్కలు అతికించుకో.
లెక్క మాత్రం నాకియ్యాల."

అతికిస్తే తెలిసింది.
"యాభై" వెనక ఒక కూత, "వేలు" వెనక ఇంకొకటి,
రెండు రంగుల దారంతో కుట్టిన రవిక.
మాట దగ్గర అతుకు దాగతాది,
మాటకూ మాటకూ నడమ బయటపడతాది.
ఆ సాయంత్రమే కార్డు తెచ్చినా.
రెండువేలు చేతికి, మిగిలింది అప్పు.

తలుపు సందులో గోనెసంచి కుక్కి,
ఫ్యాను ఆపి, చెమటల్లో, మళ్ళీ మొదట్నుంచి.
ఒకటి. రెండు. మూడు.
మౌసు కదిపినా. ఏమీ లేదు.
ఆ ఏమీ లేనిదాంట్లోంచి మెల్లగా
ఆయమ్మ గుటక మింగేది వినబడింది.
గాజు బల్లకు తగిలేది.
ప్రతి పదికీ ముందర లోపలికి తీసుకునే రొంత ఊపిరి.
రెండేండ్లుగా చీమ ఏడుపుతో కలిపి
నేను కోసి పారేసింది అదే.

అరవైమూడు దగ్గర ఆగింది.
నీళ్ళు తాగింది. కిటికీ పక్క చూసింది.
"నా గొంతు నాకే మళ్ళీ వినాలనిపిస్తే
ఈడికే రావాల్నేమో" అనింది.
అని, "ఇదీ రికార్డు అవతాందా?"
అవతాంది అన్నా.
"తుడిచెయ్యి."
అరవైనాలుగు.

రాత్రి తొమ్మిదికి ఊర్లు అయిపోయినాయి.
యాదమరి, తవణంపల్లె, ఐరాల, పెనుమూరు,
గుడిపాల, బంగారుపాళెం.
ఆఖరున వాళ్ళమ్మగారి పల్లె, ఏ బేరగాడూ ఎప్పుడూ అడగని పేరు,
నేను అడగకుండానే చెప్పింది.

బుధవారం వేలూరు బస్సెక్కింది.
గురువారం బెల్లం మండీవాళ్ళ పని వచ్చింది.
ముక్కలు ఏరి, అతికించి పంపించినా.
ఆటో మా అంగడి ముందరే పోయింది.
చెంగల్రాయులు బయటికొచ్చి చెవి ఒగ్గినాడు.
"ఏమన్నా తేడా ఉండాదా?"
బూరలో ఎండుమిరపకాయలు దంచతాండారు.
"ఏం లేదు" అన్నా.
"చెప్పలా" అన్నాడు, ఏం చెప్పినాడో మరి.

లోపలికి పోయి హెడ్‌ఫోను పెట్టుకున్నా.
కార్డు బాకీ పదమూడొందలు.
అరవైమూడుకూ అరవైనాలుక్కూ నడమ
తుడిచెయ్యమన్న ముక్క
ఇంకా తుడవలే.